రత్నమ్మ చేతి రెడ్‌వుడ్

మొన్న ధర్మవరంలో మా చెల్లెలి ఇంటికి పోతే, దాని కూతురు రమ్య కొత్తగా తెప్పించుకున్న క్రీము డబ్బా మూత తీసి నా ముక్కు కింద పెట్టింది. నిమ్మతొక్క గిల్లినట్టు, తడిసిన చెక్కను అప్పుడే కోసినట్టు ఒక వాసన. క్రీములో కలిపిన సెంటు వాసనే అయ్యుండవచ్చు. అయినా నా తల దానంతటదే వెనక్కి పోయింది. డబ్బా వెనక కంటికి ఆనని ఇంగ్లీషు అక్షరాల్లో, అందులో కలిపిన వాటి జాబితా ఉంది. రెడ్‌వుడ్ ఆకు కణాల సారం అని దాంట్లో ఒక వరస. "ఎర్రచందనం పెద్దమ్మా, మొగానికి శానా మంచిదంట," అంది రమ్య. "ఎర్రచందనం కాదే, అది వేరే చెట్టు," అని కసిరాను. ఒక క్రీము డబ్బాకు ఇంత కోపమెందుకో దానికి అర్థం కాలేదు. బిక్కమొహం వేసుకుని మూత బిగించుకుంది. పాపం, దాని తప్పేముంది! సరిగ్గా అదే తప్పు నేను డిగ్రీ చేతబట్టుకుని చేశాను. ఆ తప్పును పట్టుకున్నది ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. పేరు రత్నమ్మ. నాకు పని నేర్పింది ఆమే. ఆమె మీద ఉన్నంత కుళ్ళు నాకు ఇంకెవరి మీదా లేదు. ఈ రెండూ ఒక్క మనిషి గురించే చెప్పాల్సి వస్తోంది.

హిందూపురం ఊరు దాటి ఫ్యాక్టరీలు మొదలయ్యే చోట, బయటికి గోదాములా కనిపించే రేకుల కట్టడంలో మా ల్యాబు ఉండేది. రైతులకు అరటి మొక్కలు తయారుచేసి ఇచ్చేవాళ్ళం. అరటి పిలక లోపలి మొగ్గను గోరంత ముక్కలుగా కోసి, చక్కెరా లవణాలూ కలిపి గడ్డకట్టించిన మీడియం మీద సీసాలో పెడితే, ఒక్కో ముక్కా మళ్ళీ పిలకలు వేస్తుంది. వాటిని కోసి కొత్త సీసాల్లోకి మార్చాలి. ఈ పనంతా వడగట్టిన గాలి మన మీదికి వీచే ఒక పెట్టె ముందు కూచుని చేయాలి. దాన్ని మేం గాలిపెట్టె అనేవాళ్ళం. కంటికి కనపడని బూజు కణం ఒక్కటి పడినా మూడో రోజుకు సీసా నిండా తెల్లటి బొచ్చు లేస్తుంది, ఉడకబెట్టి పారబోయాల్సిందే. నేను బాటనీతో బీఎస్సీ పాసై ఆ పనిలో చేరాను. సోమందేపల్లిలో హైవే పక్కన మా నాయనకు టీ అంగడి. "మా పాప సైంటిస్టప్పా, హిందూపురంలో," అని బస్సు దిగిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ సైంటిస్టు చేసిన సీసాల్లో సగానికి సగం బూజు పట్టేవి.

రత్నమ్మది ఆమడగూరు వైపు గొర్రెలు కాసే ఇల్లు. పెళ్ళయి హిందూపురం వచ్చి, మొదట సీసాలు కడిగే పనికి చేరిందట. ల్యాబు పెట్టినావిడ మొక్కల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి, మేమంతా డాక్టరమ్మ అనేవాళ్ళం. ఒకరోజు పని చేసే అమ్మాయి రాకపోతే డాక్టరమ్మ రత్నమ్మను గాలిపెట్టె ముందు కూచోబెట్టింది. కూచున్న మనిషి మళ్ళీ సీసాల తొట్టి దగ్గరికి పోలేదు. నేను చేరేటప్పటికి ఆమెకు నలభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, లావు వేళ్ళు. ఆ వేళ్ళతో సన్నటి పటకారులాంటి చిమటా పట్టుకుని వెంట్రుకంత మొగ్గను తీసి నిలబెడుతుంటే చూసి నాకు ఒళ్ళు మండేది. వారానికోసారి చెడిపోయిన సీసాలు లెక్కపెట్టేవాళ్ళం. నావి గంపెడు ఉండేవి, ఆమెవి ఉండేవే కావు.

ఎవరి సీసా మీద వాళ్ళ గుర్తు ఉండాలని ల్యాబులో నియమం. ముక్కను కొత్త సీసాలోకి ఎవరు మారిస్తే వాళ్ళ గుర్తే పడాలి, బూజు వస్తే ఎవరి చేతిలో వచ్చిందో తెలియాలి కదా. మేం ఆరుగురం ఇంగ్లీషులో పొడి అక్షరాలు రాసేవాళ్ళం. రత్నమ్మకు రాయడం నిదానం. ఆమె లేబులు మూల కత్తెరతో చిన్న గాటు పెట్టేది. గొర్రె చెవికి ఎవరింటి గాటు వాళ్ళు పెట్టుకుంటారట వాళ్ళ వైపు, ఆమె పుట్టింటి గాటు అది. మేం మీడియం అనేదాన్ని ఆమె మేత అనేది. మొదట్లో నేను నవ్వుకున్నాను, కొన్నాళ్ళకు నా నోటికీ అదే మాట వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం నా గంప నిండా బొచ్చు సీసాలు చూసి తనే వచ్చి నా పక్కన స్టూలు వేసుకుంది. "ఏమ్మే పద్మా, ఊపిరి ఎందుకు బిగబట్టుకోని చేస్తాండావు? బిగబడితే ఒక్కసారిగా ఇడస్తావు, అంతా సీసాలోకే పోతాది. నిదానంగా ఇడువు," అంది. నేను స్పిరిట్‌తో చేతులు తుడుచుకుని ఇంకో సీసా మూత తీశాను. వెంటనే నా మణికట్టు పట్టుకుంది. "సీసా మూతి మీద నీ చెయ్యి నీడ పడగూడదు. నీడ పడిందంటే చెయ్యి పైనుంచి పోయినట్టే. చేతికుండే దుమ్ము రాలేది యాడికి, దాంట్లోకే గదా." నేను చదివిన పుస్తకంలో ఇదే సంగతి ఒక పేజీ ఉంది. పరీక్షలో రాశాను కూడా. అయినా ఆ రోజు నుంచీ నేను చూసింది పేజీని కాదు, నీడను. నెల తిరిగేసరికి నా గంప సగానికి సగం తగ్గింది. ఆమెకు థాంక్స్ చెప్పాలనిపించలేదు. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు, ఈమెకెట్లా తట్టింది అని మాత్రం ఇంటికెళ్ళే బస్సులో పదే పదే అనుకున్నాను.

ఇట్లా ఉండగా బెంగళూరులో అందం క్రీములు చేసే కంపెనీ ఒకటి డాక్టరమ్మను అడిగింది. వాళ్ళకు రెడ్‌వుడ్ ఆకు కణాలు కావాలి. చెట్టు ఆకులు కోసి రుబ్బడం కాదు. ఆకు ముక్కను మీడియం మీద పెడితే, అది తాను ఆకునన్న సంగతి మరిచిపోయి ఉత్త కణాల ముద్దగా పెరుగుతుంది. ఆ ముద్దను పెంచి పెంచి దాన్నుంచి సారం తీస్తారు. పని కుదిరితే దానికోసం వేరే గది కడతామనీ, ఆ గదికి ఒక ఇన్‌ఛార్జిని పర్మనెంటుగా వేస్తామనీ డాక్టరమ్మ అందరి ముందూ చెప్పింది. అప్పటికి మేమంతా ఏ రోజైనా తీసేయగల మనుషులం. సోమందేపల్లిలో మా నాయన అంగడిలో మరుసటి రోజే మా పాప ఆఫీసరు కాబోతోందన్న మాట తిరిగింది. నాకు ఆ గది కావాలి. గాలిపెట్టె ముందు ఉన్న ఏడుగురిలో డిగ్రీ ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. అయినా అందరి కళ్ళూ రత్నమ్మ వైపే పోయాయి, అది నేను చూశాను.

డాక్టరమ్మ ఏదో పనిమీద మూడు వారాలు బెంగళూరు పోతూ, ఫోనులో నాకు చెప్పింది. "రెడ్‌వుడ్‌తో పరిచయం చేసుకుంటా ఉండు పద్మా, నేను వచ్చి మొదలు పెడతా." రెడ్ అంటే ఎర్ర, వుడ్ అంటే చెక్క. మన సీమలో ఎర్రచెక్క అంటే ఎర్రచందనం కాక ఇంకేముంది! పేపరు తెరిస్తే దాని వార్తే, అడవిలో దాన్ని కొట్టినవాళ్ళ వార్తే. నేను ఊరికే పరిచయం చేసుకోవడమెందుకని, ఆమె వచ్చేలోగా ముద్ద చేసి చూపిద్దామని, ఒక ఆదివారం పెనుకొండ నర్సరీకి పోయి మూడు ఎర్రచందనం మొక్కలు ఎత్తుకొచ్చాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, ఎవరి భుజమూ తగలకుండా కాపలా కాస్తూ తెచ్చాను. వాటి ఆకులు కోసి, కడిగి, నలభై సీసాలు పెట్టాను. ప్రతి లేబులు మీదా రెడ్‌వుడ్ అని పెద్దగా రాశాను.

కంపెనీ పంపిన కాగితం ఒకటి గోడకు అతికించి ఉండేది. అంతా ఇంగ్లీషు, మూలన చిన్న బొమ్మ. రత్నమ్మ టీ తాగుతూ దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి ఎవరికీ వినపడకుండా అడిగింది. "పద్మా, ఈ బొమ్మలో ఆకు కోడి ఈక మాదిరి సన్నంగా ఉండాది. నువ్వు తెచ్చిండేది గుండ్రంగా, మూడేసి ఆకులు. రెండూ ఒకటే చెట్టా?"

"చదువుకున్నది నేనా నువ్వా రత్నక్కా?" అన్నాను.

"నువ్వేలే," అని గ్లాసు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. నేను ఆ తర్వాతైనా బొమ్మ వైపు చూడలేదు. చూస్తే ఆమె మాట నిజమవుతుందని భయం. డాక్టరమ్మ మూడో వారం చివర నీలగిరి వైపు నుంచి తెప్పించిన ఆరు మొక్కలు కారులో పెట్టుకుని వచ్చింది. కోడి ఈకల మాదిరి ఆకులు. ఒక ఆకు నలిపి మా అందరి ముక్కుల దగ్గరా పెట్టింది, నిమ్మతొక్క వాసన. అప్పుడు నా నలభై సీసాలు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. మిగతావాళ్ళూ నవ్వారు. నెల రోజులు నన్ను చందనం పద్మ అన్నారు. రత్నమ్మ నవ్వలేదు, నేను చెప్పినాను గదా అని కూడా అనలేదు. అంటే బాగుండేది, ఆమెను తిట్టుకోవడానికి నాకొక సాకు దొరికేది.

ఆ సాయంత్రం పని ముగిశాక డాక్టరమ్మ మమ్మల్ని కూచోబెట్టి, అమెరికా పడమటి తీరం అడవుల్లో పెరిగే ఆ చెట్టు సంగతులు చెప్పింది. ప్రపంచంలో దానికంటే ఎత్తు పెరిగే చెట్టు లేదు. రెండు వేల ఏళ్ళు దాటి బతికినవి ఉన్నాయి. బెరడు అడుగు మందం దాకా ఉంటుంది, అందుకే అడవికి నిప్పంటుకున్నా తట్టుకుంటుంది. నరికేస్తే మొదలు చుట్టూ పిలకలు లేచి, తల్లిచెట్టు ఉన్న చోట పిల్లచెట్లు వలయంగా నిలబడతాయి. మనకు క్రోమోజోములు రెండు జతలైతే... అని ఆమె మొదలుపెట్టగానే నేను అందుకుని, "జతలు కాదు మేడం, రెండు సెట్లు. దీనికి ఆరు సెట్లు," అన్నాను. "అవును, సెట్లే," అని ఆమె ముందుకు పోయింది. అంత ఎత్తుకు వేర్లనుంచి నీళ్ళెక్కించడం కష్టం కాబట్టి, సముద్రం మీదినుంచి వచ్చే పొగమంచును ఆకులే తాగుతాయనీ, కొన్ని రెమ్మలు ఎండలో ఆహారం వండడానికి, కొన్ని ముఖ్యంగా నీళ్ళు పీల్చడానికి ఉంటాయనీ చెప్పింది.

"ఆకు నీళ్ళు తాగుతాదా డాక్టరమ్మా?" అని రత్నమ్మ ముందుకు జరిగింది. "అట్లయితే మా ఆమడగూరులో పెడితే నోరెండి సస్తాది. ఆడ వానకే దిక్కు లేదు, మంచు యాడిది." అందరూ నవ్వారు. డాక్టరమ్మ తన కుర్చీని ఆమె వైపు తిప్పుకుంది. ఇంకా చెప్పింది. అడవిలో అక్కడక్కడ తెల్లటి రెడ్‌వుడ్ మొలుస్తుందట, పచ్చదనం బొత్తిగా ఉండదు, సొంతంగా వండుకోలేదు, పక్క చెట్టు వేరుకు అంటిపెట్టుకుని దాని తిండి తిని బతుకుతుంది. "అట్లాంటిదాన్ని ఎందుకు సాకుతాది ఆ చెట్టు?" అని రత్నమ్మ అడిగింది. వేరు ఒకటే కాబట్టి అని డాక్టరమ్మ అంది. రత్నమ్మ చాలాసేపు తల ఊపుతూ కూచుంది. నేను చెప్పిన ఆరు సెట్లకు ఒక్క ముక్క జవాబు, ఆమె అడిగిన రెండు ప్రశ్నలకు కుర్చీ మొత్తం తిరిగింది. ఆ కుర్చీ తిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

పని మొదలైంది. రెడ్‌వుడ్ ఆకు మొండిది. కోసిన చోటునుంచి గోధుమరంగు రసం కారుస్తుంది, ఆ రసం మీడియంలోకి దిగి, ఆకు తన విషంతో తనే చస్తుంది. పుస్తకంలో చెప్పినట్టు నేను బొగ్గుపొడి కలిపాను, చీకట్లో పెట్టాను, మూడు వారాలు కదిలించకుండా ఉంచాను. తీసి చూస్తే కషాయంలో ముంచిన ముక్కలు. రత్నమ్మ సీసాల్లో మాత్రం ఆకు అంచున లేత పసుపు రంగు నలుసు పుట్టింది. ఇంకో నెలకు అది మెత్తటి ముద్దయింది. "ఎట్ల చేసినావక్కా?" అని ఆరుగురూ మూగారు. ఆమె ఏదీ దాచుకునే మనిషి కాదు. "ఏముందే, రెండు దినాలకొకసారి మేత మారుస్తాండా. అది కారుస్తానే ఉంటాది. చంటిబిడ్డకు గుడ్డ మార్చమా? తడిసిన గుడ్డలో పండబెడితే బిడ్డ నిలుస్తాదా?" అంది. నా వైపు తిరిగి, "పద్మా, నువ్వు గూడా మార్చు," అంది.

నేను మార్చలేదు. మారిస్తే నాకూ వచ్చేది, అది నాకు తెలుసు. కానీ అప్పుడది రత్నమ్మ దారిలో వచ్చిన ముద్ద అవుతుంది గాని నాది కాదు. నా దారిలోనే రావాలని మళ్ళీ మళ్ళీ మూడు వారాలు ఆగాను, మళ్ళీ మళ్ళీ కషాయం పారబోశాను. అన్నం తింటుంటే ఆ పసుపు ముద్ద కళ్ళముందు ఆడేది. ఆమె సీసాలకు బూజు పడితే బాగుండునని కోరుకున్న రోజులున్నాయి. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, ఆమె సీసాలుండే అర దగ్గర నిలబడి, ఒక్కో సీసానూ దీపానికి ఎత్తి చూసేదాన్ని. శుభ్రంగా ఉన్నవి చూసి మనసు చివుక్కుమనేది. ఇంత రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ ఇది తీసేస్తే నేను చెప్పేదానికి అర్థం లేదు.

అంతలో ఆమడగూరులో ఆమె అవ్వకు బాగలేదని కబురొచ్చింది. రత్నమ్మను సాకింది ఆ అవ్వే. సంచి సర్దుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చింది. "పద్మా, నేను తిరిగొచ్చేదాకా నా సీసాలు నువ్వే చూసుకో. రెండు దినాలకొకసారి, మర్సిపోవద్దు."

"నేనే ఎందుకక్కా, ఇంత మంది ఉండగా?"

"నీ చెయ్యి ఇప్పుడిప్పుడే కుదురుతాండాది," అని సంచి భుజానికి తగిలించుకుంది.

ఆమె పది రోజులు రాలేదు. ఆ పది రోజులూ నేను ఆ సీసాలను నిజంగానే సాకాను. మేత మార్చాను, ఊపిరి నిదానంగా వదిలాను, నీడ పడనివ్వలేదు. పరాయి ముద్దలు నా చేతిలో పెరుగుతుంటే వాటిని చూసి నాకే ముద్దొచ్చింది. మొదటిసారి మార్చినప్పుడు నియమం ప్రకారం లేబులు మీద నా అక్షరం రాసి, పక్కన ఆమె గాటు కూడా పెట్టాను. రెండోసారి మార్చినప్పుడు కత్తెర దూరంగా ఉంది, లేవడానికి బద్ధకించి నా అక్షరం మాత్రం రాశాను. మూడోసారి కత్తెర చేతికందే దూరంలోనే ఉంది. అయినా గాటు పెట్టలేదు. నియమం నా వైపు ఉంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఎనిమిదో రోజు కంపెనీ మనిషి వచ్చాడు. డాక్టరమ్మ అతణ్ణి వెంటబెట్టుకుని అరల దగ్గరికి వచ్చి, అన్నిటికంటే మంచి సీసా తీసి వెలుతురుకు పట్టింది. లేబులు చదివింది. "ఇవి నువ్వు చేసినవా పద్మా?" అంది. గాలిపెట్టెల ముందు ఐదుగురూ చేతులు ఆపారు. ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? రత్నక్క చేసింది, నేను మార్చాను. అంతే కదా. "ఔను మేడం," అన్నాను. కంపెనీ మనిషి నా పేరు అడిగి రాసుకున్నాడు. మూడో రోజుకు గది ఇన్‌ఛార్జిగా నా పేరు నోటీసు బోర్డు మీద ఉంది. మా నాయన ఆ రోజు అంగడికొచ్చిన అందరికీ టీ ఊరికే పోశాడు.

రత్నమ్మ, చనిపోయిన అవ్వను సాగనంపి వచ్చింది. ఆమె బస్సు దిగేలోపే ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పొద్దున నేరుగా నా దగ్గరికి వచ్చి, అర మీది సీసా ఒకటి తీసుకుని గుండ్రంగా తిప్పి చూసింది. లేబులు వైపు ఆమె చూపు పోలేదు. తన సీసాను తను గుర్తుపట్టడానికి లేబులు అవసరమా? అరుస్తుందనుకున్నాను, డాక్టరమ్మను పిలుస్తుందనుకున్నాను. సీసా ఎక్కడిదక్కడ పెట్టి, "బాగా సాకినారు మేడం," అంది. నేను తలెత్తి వెనక్కి చూశాను, డాక్టరమ్మ వచ్చిందేమోనని. ఎవరూ లేరు. ఆ మేడం నేనే. అన్నాళ్ళూ ఏమ్మే పద్మా అన్న నోటితో ఆమె నన్ను మళ్ళీ ఎప్పుడూ పద్మా అనలేదు. వెటకారం లేదు, కోపం లేదు, పనిలో లోటు లేదు. ఏది అడిగినా నేర్పింది, చేసి చూపింది. మీరు, మేడం, అంతే. గది కట్టాక కొత్తగా వచ్చిన అమ్మాయిలను మాత్రం, "ఒసే శైలా, నీడ చూసుకో," అనేది, "ఏమ్మే భానూ, తిన్యావా?" అనేది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లలు! కుర్చీలో కూచుని కాగితాలు రాసుకుంటూ ఆ పిలుపులు వింటూ, రాసిన లెక్కే మళ్ళీ రాసేదాన్ని.

అట్లా తొమ్మిదేళ్ళు పనిచేసింది. చూపు తగ్గిందని మానేసి ఆమడగూరు వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక కొన్నాళ్ళకు డాక్టరమ్మ కూడా ల్యాబు వేరేవాళ్ళకు అప్పగించి బెంగళూరు బయల్దేరింది. ఆమె గదిలో పుస్తకాలు పెట్టెల్లో సర్దుతూ నేను ఉండబట్టలేక చెప్పేశాను. "మేడం, ఆ మొదటి ముద్దలు నావి కావు, రత్నక్కవి. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను." డాక్టరమ్మ చేతిలో పుస్తకం పెట్టెలో పెట్టి, దాని మీద ఇంకోటి పెట్టింది. "తెలుసు పద్మా. రెండు రోజులకొకసారి మార్చేది ఈ ల్యాబులో ఒక్క మనిషే గదా."

"మరి గది నాకెందుకు ఇచ్చారు?"

"ఆమెకే ఇస్తానన్నా. ఊరికి పోయే ముందు రోజు పిలిచి అడిగినా. వద్దనింది. కత్తి ఇడిసిపెట్టి కాగితాలు పట్టుకునే పని నాకొద్దు డాక్టరమ్మా, పద్మకియ్యండి, నా సీసాలు దానికే అప్పజెప్పి పోతాండా, చెయ్యి కుదురుతాది అనింది. నేనప్పుడే నీ పేరు అనుకున్నా."

"అయితే ఆయన ముందర నన్నెందుకు అడిగారు మేడం, ఇవి నువ్వు చేసినవా అని?"

"ఊరికే అడిగినా. రత్నక్కా నేనూ కలిసి చేసినాం అంటావనుకున్నా," అని ఆమె పెట్టెకు టేపు వేసింది.

గది నాదే. ఔను అన్నా నాదే, కాదు అన్నా నాదే. ఆ ఒక్క మాటతో నేను సంపాదించింది ఏమీ లేదు, పోగొట్టుకున్నది మాత్రం ఉంది. ఈ సంగతి తెలిశాక చాలా రోజులు నాకు పనిలో చెయ్యి ఆడలేదు. ఇప్పుడు నా గదిలో ఏ సీసాకైనా రెండు గుర్తులు ఉండాలి, మొదట పెట్టినవాళ్ళది, ఇప్పుడు మార్చినవాళ్ళది. ఇన్ని గుర్తులెందుకు మేడం, టైము దండగ అని అమ్మాయిలు విసుక్కుంటారు. చెప్పింది చెయ్యండి అంటాను. కారణం చెప్పేంత ధైర్యం ఇప్పటికీ రాలేదు. ల్యాబులో ఎవరికైనా పని బాగా కుదిరితే మెచ్చుకుంటాను, మెచ్చుకునే ముందు లోపల ఒక ముల్లు గుచ్చుకుంటుంది. ఆ ముల్లు పోతుందని నేను అనుకోవడం లేదు. దాన్ని గుర్తుపట్టడం మాత్రం రత్నమ్మ వల్లే వచ్చింది.

ధర్మవరం నుంచి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఆమెకు ఫోన్ చేశాను. నంబరు ఎప్పటినుంచో ఉంది, చేయలేదు, అంతే. "ఎవరూ?" అంది. గొంతు అదే, కొంచెం అరిగింది. "నేను రత్నక్కా, పద్మను, హిందూపురం నుంచి," అన్నాను. "బాగుండారా మేడం?" అని అడిగింది. చూపు సంగతి, మోకాళ్ళ సంగతి అడిగాను, చెప్పింది. తర్వాత ఆ రోజు నేను ఔను అన్న సంగతి మొత్తం, మొదటినుంచి చివరిదాకా చెప్పాను. లేబులు మీద గాటు పెట్టని సంగతి కూడా.

"తెలుసు మేడం. అప్పుడే తెలుసు," అంది చివరికి.

"తిట్టక్కా నన్ను."

"యాల తిట్టాల. అయిపోయింది గదా."

"అయితే నన్ను పద్మా అని పిలువు. ఒక్కసారి పిలువు."

అవతల "ప..." అని మొదలుపెట్టి ఆపింది, మళ్ళీ మొదలుపెట్టింది. నిజంగానే పిలవాలని చూస్తోందని నాకు అర్థమైంది. నన్ను బాధపెట్టాలనే ఆలోచన ఆమెకు ఉంటే ఇంత సమయం పట్టదు. "నోరు తిరగల్యా మేడం," అంది మెల్లగా. "ఇన్నేండ్లయిపాయ." ఆ వెంటనే ఫోనుకు ఎడంగా జరిగి తన కోడలిని కేకేసింది, "ఒసే గంగా, బియ్యం కడిగినావా?" అని. ఆ గంగ ఎవరో, ఎట్లా ఉంటుందో నేను చూడలేదు. నాకు ఆ పిల్ల మీద కుళ్ళు పుట్టింది.